పాత ఫ్లాష్ రికార్డర్ పేజీని మళ్లీ పాడించడం ఎలా

తిరుపతిలో మాకు బాగా తెలిసిన సంగీతం టీచరమ్మ ఒకరున్నారు. అన్నమయ్య కీర్తనలు నేర్పిస్తారు. 2011లో ఎవరో కుర్రాడితో ఒక వెబ్‌సైట్ చేయించుకున్నారు. పిల్లలు ఇంటి దగ్గర పాడి, పేజీలో ఎర్ర బటన్ నొక్కి రికార్డు చేసి పంపితే, ఆమె రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా విని తప్పులు చెప్పేవారు. తర్వాత ఆ పేజీ మూగబోయింది. అప్పటి నుంచి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో నెట్టుకొస్తున్నారు. ఏ పిల్ల ఏ కీర్తన ఎప్పుడు పంపిందో వెతుక్కోలేక విసిగిపోయి ఒకరోజు నాకు ఫోను చేశారు. "నాయనా, ఆ పేజీలో బూడిదరంగు డబ్బా ఒకటి వస్తావుంది, ఇంకేమీ లేదు. ఒకసారి చూస్తావా?"

బూడిదరంగు డబ్బా అనగానే అర్థమైంది, ఫ్లాష్. ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు, ఆటలు, మైకు నడిపిన అడోబీ వాళ్ల ప్లగిన్. దానికి అడోబీ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే లోపలి సరుకును ఆడనివ్వడం మానేసింది. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 26న, దాని పనిలో ముఖ్యమైన వాటాను తీసుకున్న వెబ్‌ఆర్‌టీసీ, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ వారి అధికారిక ప్రమాణమైంది. (ఈ ఆర్‌టీసీకి మన బస్టాండుతో సంబంధం లేదు. రియల్ టైమ్ కమ్యూనికేషన్ అని.)

మీ దగ్గర కూడా ఇలాంటి పేజీ ఉంటే, స్కూలుదో, కోచింగ్ సెంటరుదో, దరఖాస్తుతో పాటు చిన్న వీడియో తీసి పంపమనేదో, దాన్ని మళ్లీ లేపడానికి నేను ఏ వరసలో వెళ్లానో చెబుతాను. కోడ్‌లో వచ్చే పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీల్లేకుండా కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

ముందు పాత డబ్బా ఏమేం చేసేదో రాసుకోండి

కొత్త కోడ్ మొదలుపెట్టే ముందు పాత పేజీ సోర్సు తెరవండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ తోక ఉన్న ఫైలు కనిపిస్తే అది ఫ్లాష్. ఎక్స్ఏపీ అని ఉంటే సిల్వర్‌లైట్. ఆప్లెట్ అనే ట్యాగ్ ఉంటే జావా. అన్నీ ఒకే తాను ముక్కలు. బ్రౌజర్‌కు బయటి నుంచి తగిలించిన ప్లగిన్లు. 2015 సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్ 45 ఆ పాత ప్లగిన్ల తలుపే మూసేసింది. ఫ్లాష్ వేరే దారిలో లోపలే ఉండిపోయింది కాబట్టి ఇంకో ఐదేళ్లు బతికింది.

ఫ్లాష్‌కు మైకు, కెమెరా అందుకోవడం 2002లో, వెర్షన్ 6తో వచ్చింది. అప్పటికి అది పెద్ద విషయం. ఒకే డబ్బాలో ఐదు పనులు జరిగేవి: మైకును పట్టుకోవడం, మనిషి అనుమతి అడగడం, శబ్దాన్ని కుదించడం, ఆర్‌టీఎంపీ అనే పద్ధతిలో 1935 పోర్టు మీదుగా మీడియా సర్వర్‌కు పంపడం, అక్కడ ఎఫ్ఎల్‌వీ ఫైలుగా రాయించడం. చేసినవాడికి ఈ ఐదూ వేరువేరు పనులని తెలియాల్సిన అవసరమే లేదు. ఇప్పుడు ఉమ్మడి కాపురం వేరుపడింది. ప్రతి పనికీ వేరే దిక్కు చూసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. "ఫ్లాష్‌కు బదులు ఏం వాడాలి?" అని అడుగుతారు. ఒకే బదులు అనేది లేదు.

పాత సోర్సులో కెమెరా, మైక్రోఫోన్ అనే పేర్లున్న చోట ఇప్పుడు గెట్‌యూజర్‌మీడియా వస్తుంది, మైకును, కెమెరాను అడిగి తెచ్చే బ్రౌజర్ సొంత ఫంక్షన్. నెట్‌కనెక్షన్, నెట్‌స్ట్రీమ్ ఉన్న చోట ఆగి ఆలోచించాలి. ఆ రెండూ కేవలం రికార్డు చేసి దాచడానికే వాడి ఉంటే, వచ్చినదాన్ని ఫైలుగా పట్టే మీడియారికార్డర్, దాని వెనక మామూలు ఫైలు అప్‌లోడ్ చాలు. అప్పటికప్పుడు అవతలివాళ్లకు వినిపించడానికైతే వెబ్‌ఆర్‌టీసీలోని ఆర్‌టీసీపీర్‌కనెక్షన్ కావాలి. రెండింటికీ పనిలో, ఖర్చులో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

కోడ్ ముట్టుకునే ముందు ఇంకో పని. సర్వర్‌లో మిగిలిన పాత రికార్డింగులను కాపాడండి. టీచరమ్మ సర్వర్‌లో పిల్లలు పదేళ్లపాటు పంపిన పాటలు ఎఫ్ఎల్‌వీ ఫైళ్లలో ఉన్నాయి. వాటిలో శబ్దం నెల్లీమోజర్ అనే పద్ధతిలో కుదించి ఉంది. ఇప్పటి బ్రౌజర్‌కు అది రాదు. ఫార్మాట్లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు వచ్చు. ఇన్‌పుట్‌గా ఎఫ్ఎల్‌వీ ఫైలు పేరు, అవుట్‌పుట్‌గా ఎంపీ3 తోకతో ఒక పేరు ఇస్తే మార్చేస్తుంది. ఫోల్డర్ మొత్తానికి ఒక లూప్ రాసి రాత్రి వదిలేస్తే పొద్దున్నకు అయిపోతుంది. మార్చాక పాతవి చెరిపేయకండి, ఒక హార్డ్ డిస్కులో పడేసి ఉంచండి.

గోటితో పోతుందేమో చూడండి

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తొద్దు. మీకు కావలసింది "వీడియో తీసి పంపండి" అనే ఒక్క పనే అయితే, అది కూడా ఎక్కువమంది ఫోను నుంచే చేస్తారనుకుంటే, జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా అక్కర్లేదు. మామూలు ఫైలు ఇన్‌పుట్ ట్యాగుకు యాక్సెప్ట్ అనే చోట వీడియో అనీ, పక్కన క్యాప్చర్ అనీ చేర్చండి. ఫోనులో నొక్కగానే ఫోను సొంత కెమెరా తెరుచుకుంటుంది. తీసిన వీడియో ఫారంతో పాటు వెళ్లిపోతుంది. క్యాప్చర్‌కు యూజర్ అని ఇస్తే ముందు కెమెరా, ఎన్విరాన్‌మెంట్ అని ఇస్తే వెనక కెమెరా.

దీనిలో సుఖం ఏమిటంటే, అనుమతుల గొడవ, ఫార్మాట్ల గొడవ అన్నీ ఫోనే చూసుకుంటుంది. వచ్చేది ఫోను కెమెరా తీసే పూర్తి నాణ్యత. కష్టం కూడా అదే. ఒక్క నిమిషం వీడియో వంద ఎంబీ దాటినా ఆశ్చర్యం లేదు, మీ చేతిలో ఏమీ ఉండదు. లాప్‌టాప్‌లో ఈ క్యాప్చర్ మాటను బ్రౌజర్ పట్టించుకోదు, ఫైలు ఎంచుకోమంటుంది. ఆడియో మాత్రమే కావాలంటే ఈ దారిని నమ్ముకోకండి. ఆండ్రాయిడ్‌లో ఆ ఫోనులో ఉన్న రికార్డర్ యాప్‌ను బట్టి ఉంటుంది, ఐఫోనులో కుదరదు.

టీచరమ్మకు కావలసింది గొంతు మాత్రమే. పిల్లల్లో సగం మంది వాళ్ల అమ్మల ఐఫోన్ల నుంచి పాడతారు. కాబట్టి మాకు గొడ్డలే దిక్కయింది.

హెచ్‌టీటీపీఎస్ లేకపోతే మైకు లేదు

ఇక్కడ నేను సగం రోజు పోగొట్టుకున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లాప్‌టాప్‌లో పేజీ తయారైంది, బాగా పనిచేసింది. ఫోనులో చూద్దామని అదే వైఫైలో ఉన్న ఫోనులో లాప్‌టాప్ అడ్రసు, 192.168తో మొదలయ్యేది, కొట్టాను. పేజీ వచ్చింది. బటన్ నొక్కితే చడీచప్పుడు లేదు. అనుమతి అడగలేదు, తప్పు చూపలేదు. ఫోను మైకు పోయిందేమోనని పక్కింటి అన్నను అడిగి ఇంకో ఫోను తెచ్చాను. దాంట్లోనూ అంతే.

మైకు బాగానే ఉంది. హెచ్‌టీటీపీఎస్ లేని పేజీలో నావిగేటర్ లోపల ఉండాల్సిన మీడియాడివైసెస్ అనే వస్తువే ఉండదు. లేని వస్తువును పిలిస్తే ఎవరు పలుకుతారు? 2015 డిసెంబర్‌లో వచ్చిన క్రోమ్ 47 నుంచి ఇదే నియమం, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. లోకల్‌హోస్ట్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అందుకే లాప్‌టాప్‌లో పనిచేసి నన్ను మోసం చేసింది.

అసలు సైటుకైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. పరీక్షించడానికైతే ఆండ్రాయిడ్ ఫోనును కేబులుతో లాప్‌టాప్‌కు తగిలించి, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకోండి. ఫోను కూడా లోకల్‌హోస్ట్ అనే పిలుస్తుంది, పని నడుస్తుంది. పేజీ మొదట్లోనే మీడియాడివైసెస్ ఉందో లేదో చూసి, లేకపోతే "ఈ పేజీని హెచ్‌టీటీపీఎస్‌తో తెరవండి" అని ఒక వాక్యం చూపించండి. నాకున్న బుద్ధి మీకు ముందే ఉంటే సగం రోజు మిగులుతుంది.

అనుమతి అడిగే పద్ధతి

ఫ్లాష్ కాలంలో అనుమతి పెట్టె డబ్బా లోపలే వచ్చేది. ఆ పెట్టె పట్టాలంటే డబ్బా కనీసం 215 పిక్సెళ్ల వెడల్పు, 138 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. తెలియనివాళ్లు చిన్న డబ్బా పెట్టి, మైకు ఎందుకు రావడం లేదో తెలియక జుట్టు పీక్కునేవారు. అంతకన్నా పెద్ద తలనొప్పి, ఆ పెట్టె పేజీలో భాగం కావడం. 2008లో క్లిక్‌జాకింగ్ అనే మోసం బయటపడింది. పైన ఏదో ఆట చూపించి, కింద కనబడకుండా ఫ్లాష్ సెట్టింగుల మీద క్లిక్కులు పడేలా చేసి, మనిషికి తెలియకుండానే కెమెరా తెరిపించవచ్చని చూపించారు. ఇప్పుడు అడిగేది బ్రౌజర్. దాని పెట్టె పేజీకి బయట ఉంటుంది, మీ పేజీ దాని మీద చెయ్యి వేయలేదు.

మీరు పాత సమాధానాలు చూసి కోడ్ అతికిస్తున్నట్టయితే జాగ్రత్త. 2012 నాటి క్రోమ్ 21లో గెట్‌యూజర్‌మీడియా వెబ్‌కిట్ అనే ఇంటిపేరుతో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో మోజ్ అనే ఇంటిపేరుతో. రెండు ఫంక్షన్లు ఇవ్వాలి, ఒకటి దొరికితే పిలవడానికి, ఒకటి దొరక్కపోతే. ఇప్పుడు నావిగేటర్, దాని లోపల మీడియాడివైసెస్, దాని లోపల గెట్‌యూజర్‌మీడియా. తిరిగొచ్చేది ప్రామిస్, అవైట్ పెట్టి తీసుకోండి. అలాగే వచ్చిన స్ట్రీమును, అంటే మైకు, కెమెరా నుంచి పారే ధారను, వీడియో ట్యాగులో చూపించడానికి క్రియేట్ఆబ్జెక్ట్‌యూఆర్ఎల్ అని ఉంటే కొట్టేయండి, ఆ దారి క్రోమ్ 71లో మూతపడింది. ట్యాగుకు ఎస్ఆర్‌సీఆబ్జెక్ట్ అనే చోట స్ట్రీమును నేరుగా ఇవ్వండి. ఐఫోనులో ముఖం కనబడాలంటే ఆ ట్యాగుకు ప్లేస్ఇన్‌లైన్, మ్యూటెడ్ రెండూ చేర్చండి.

పేజీ తెరవగానే మైకు అడగకండి. ఇంట్లోకి అడుగు పెట్టగానే బీరువా తాళాలు అడిగినట్టు ఉంటుంది. జనం కంగారుపడి వద్దు అని నొక్కేస్తారు, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఎన్నిసార్లు బటన్ నొక్కినా పెట్టె రాదు. "పాడటం మొదలుపెట్టండి" అని బటన్ పెట్టి, అది నొక్కినప్పుడే అడగండి.

వద్దంటే వచ్చే తప్పు పేరు నాట్‌అలౌడ్‌ఎర్రర్. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి ఎలా మార్చుకోవాలో రెండు బొమ్మలతో చూపించండి. మైకే లేకపోతే నాట్‌ఫౌండ్‌ఎర్రర్. విండోస్ లాప్‌టాపుల్లో ఇంకో కాల్ యాప్ మైకును పట్టుకుని కూర్చుంటే నాట్‌రీడబుల్‌ఎర్రర్ వస్తుంది. "జూమ్ లాంటివి తెరిచి ఉంటే మూసేయండి" అని రాస్తే చాలు. ఈ మూడింటికీ మూడు తెలుగు వాక్యాలు రాసిన రోజు నుంచి టీచరమ్మకు ఫోన్లు తగ్గాయి.

పని అయిపోయాక స్ట్రీములోని ఒక్కొక్క ట్రాకుకు స్టాప్ చెప్పండి. లేకపోతే మైకు గుర్తు వెలుగుతూనే ఉంటుంది. అది చూసి తల్లిదండ్రులు టెన్షన్ పడతారు, పడాలి కూడా.

తంబూరా ఏమైంది?

అంతా సిద్ధమయ్యాక ఒక పాపతో పాడించి టీచరమ్మకు పంపాం. విని ఆమె అడిగిన మొదటి మాట, "నాయనా, పిల్ల బాగానే పాడింది. తంబూరా ఏదీ?"

తంబూరా ఉంది. పాప పక్కనే శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది, నేను నా చెవులతో విన్నాను. రికార్డింగులో మాత్రం మొదటి ఒకటి రెండు క్షణాలు వినిపించి, సన్నగా కరిగిపోయింది. పాప గొంతు ఎత్తినప్పుడు వెనక ఏదో నీళ్లలోంచి వచ్చినట్టు ఒక్కసారి పైకి తేలి మళ్లీ మునిగిపోతోంది.

కారణం చెబుతాను. బ్రౌజర్లు మైకు అంటే మాట్లాడుకోవడానికే అనుకుంటాయి. అందుకని మూడు సవరణలు మామూలుగా ఆన్‌లో ఉంటాయి. ఎకోక్యాన్సిలేషన్, స్పీకరులోంచి వచ్చే శబ్దం మళ్లీ మైకులోకి పోకుండా. నాయిస్‌సప్రెషన్, ఫ్యాను, ఏసీ లాంటి చప్పుడు తీసేయడానికి. ఆటోగెయిన్‌కంట్రోల్, మెల్లగా మాట్లాడితే పెంచి, గట్టిగా అరిస్తే తగ్గించడానికి. రెండోది ఫ్యానును ఎలా గుర్తుపడుతుంది? మారకుండా, ఆగకుండా, ఒకే తీరున మోగుతోందా అని చూస్తుంది. తంబూరా పనే అది. శ్రుతి ఎంత నిలకడగా ఉంటే అంత తొందరగా దాన్ని చప్పుడు కింద లెక్కగట్టి తీసేస్తుంది. ఇక మూడోది, పాప పల్లవిని మెల్లగా అందుకుని అనుపల్లవిలో గొంతు తెరిస్తే, రెండింటినీ ఒకే ఎత్తుకు చదును చేసేస్తుంది.

కాబట్టి గెట్‌యూజర్‌మీడియాకు ఆడియో అని ఊరికే ట్రూ ఇవ్వకండి. ఆ చోట ఈ మూడు పేర్లూ రాసి, మూడింటికీ ఫాల్స్ ఇవ్వండి. ఇచ్చాక నమ్మి వదిలేయకుండా, వచ్చిన ట్రాకు మీద గెట్‌సెట్టింగ్స్ పిలిచి నిజంగా ఫాల్స్ అయ్యాయో లేదో చూడండి. మనం ఇచ్చేది విన్నపం, ఆజ్ఞ కాదు. ఇవ్వలేకపోతే పరికరం తనకు తోచింది ఇస్తుంది. ఎగ్జాక్ట్ అని పట్టుబడితే, కుదరనప్పుడు ఓవర్‌కన్‌స్ట్రెయిన్డ్‌ఎర్రర్ వచ్చి అసలు మైకే రాదు. పిల్లల దగ్గర పట్టుబట్టి లాభం లేదు కాబట్టి విన్నపంతోనే సరిపెట్టుకున్నాం.

ఫ్లాష్ ఏమన్నా తక్కువ తిన్నదా అంటే, లేదు. టీచరమ్మే గుర్తు చేశారు, "అప్పుడు కూడా చరణం చివర తెగిపోతా ఉండేది" అని. అప్పట్లో సైటు చేసిన కుర్రాడి దగ్గర మిగిలిన సోర్సు తీసి చూస్తే విషయం తెలిసింది. ఫ్లాష్ మైకుకు సైలెన్స్‌లెవెల్ అని ఒకటి ఉండేది, మార్చకపోతే 10. శబ్దం అంతకన్నా తగ్గి రెండు సెకన్లు గడిస్తే, ఇక ఎవరూ మాట్లాడటం లేదనుకుని పంపడం ఆపేసేది. అప్పటి డయల్అప్, నత్తనడక బ్రాడ్‌బ్యాండ్‌కు అది అవసరమే. కానీ మెల్లగా దిగి వచ్చే చివరి సంగతి, అంటే పాటలోని ఆ మెలిక, దానికి నిశ్శబ్దం. పైగా మైకు రేటు కూడా మార్చకపోతే 8 కిలోహెర్ట్జ్, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దమంతా గోవిందా. ఆ కుర్రాడు రెండూ మార్చలేదు.

ఇంకో రెండు సంగతులు, పాట కోసం పేజీ చేసేవాళ్లకు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాడొద్దని పేజీలోనే రాయండి. దాని మైకు వాడటం మొదలుపెట్టగానే అది ఫోను కాల్ పద్ధతిలోకి మారి శబ్దం నాణ్యత పడిపోతుంది. తంబూరా యాప్‌ను రికార్డు చేసే ఫోనులోనే పెట్టొద్దనీ చెప్పండి. ఇంకో ఫోనులో పెట్టి చేతికి అందేంత దూరంలో ఉంచుకుంటే బాగా వస్తుంది.

రికార్డు చేయడం, ఏ తోకతో దాచాలి

మీడియారికార్డర్‌కు ముందు జనం ఒక అడ్డదారి వాడేవారు. స్క్రిప్ట్‌ప్రాసెసర్ అనే దానితో శబ్దం అంకెలను పట్టి, జావాస్క్రిప్ట్‌లోనే డబ్ల్యూఏవీ ఫైలు చేసేవారు. మీ పేజీ 2013, 2015 మధ్య ఒకసారి మరమ్మతు అయి ఉంటే అదే కనిపిస్తుంది. పనిచేస్తుంది గానీ, పేజీ మిగతా పనులు చేసే చోటే అదీ నడుస్తుంది కాబట్టి ఫోను కాస్త తడబడితే పాటలో టిక్కుటిక్కుమని తెగుతుంది. బరువు లెక్క కూడా చూడండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, ఒకే చానల్ అయితే నిమిషానికి 5.3 ఎంబీ. అదే శబ్దాన్ని కుదించే ఓపస్ కోడెక్‌తో సెకనుకు 96 కిలోబిట్లు ఇస్తే నిమిషానికి 720 కేబీ. ఐదు నిమిషాల కీర్తన 26 ఎంబీ కాకుండా 3.6 ఎంబీలో వెళ్తుంది, పాటకు ఆ నాణ్యత చాలు.

మీడియారికార్డర్ ఫైర్‌ఫాక్స్‌లో 2013లోనే వచ్చింది, సఫారీ 14.1తో 2021లో గానీ ఐఫోన్లకు చేరలేదు. ఫార్మాటు దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వెబ్‌ఎం ఇష్టపడతాయి, సఫారీ ఎంపీ4. మీరు ఒకటి అనుకుని రాసేయకుండా ఈజ్‌టైప్‌సపోర్టెడ్‌ను వరసగా అడగండి. ముందు ఓపస్ ఉన్న వెబ్‌ఎం, కాదంటే ఎంపీ4, అదీ కాదంటే ఏమీ ఇవ్వకుండా బ్రౌజర్ ఇష్టానికి వదిలేయండి. ఏది వచ్చిందో మైమ్‌టైప్ (రికార్డర్ చెప్పే ఫార్మాటు పేరు) చూసి, ఫైలు తోక దాన్ని బట్టే పెట్టండి. ఐఫోను నుంచి వచ్చిన ఎంపీ4కు వెబ్‌ఎం తోక తగిలించి, టీచరమ్మ లాప్‌టాప్‌లో ఆడటం లేదని ఒక సాయంత్రమంతా వెతికినవాణ్ని నేనే.

స్టార్ట్ పిలిచేటప్పుడు 5000 ఇవ్వండి. ప్రతి 5 సెకన్లకు ఒక ముక్క వస్తుంది. ఏమీ ఇవ్వకపోతే చివర్లో ఒకేసారి వస్తుంది, మధ్యలో ట్యాబు మూసుకుపోతే మొత్తం గంగలో కలిసినట్టే. కానీ ముక్కలను వేటికవి ఆడించాలని చూడకండి, తలకాయ, అంటే ఫైలు వివరాలుండే హెడర్, మొదటి ముక్కకే ఉంటుంది. అన్నీ వరసలో కలిపితేనే ఫైలు.

ఇలా చేసిన వెబ్‌ఎంలో ఒక లోపం ఉంటుంది. ఫైలు మొదట్లో మొత్తం నిడివి రాసి ఉండదు, రికార్డింగ్ మొదలైనప్పుడు ఎంతసేపు పాడతారో ఎవరికి తెలుసు కనుక. అందుకని ప్లేయర్‌లో నిడివి కనబడదు, నచ్చిన చోటికి జరపబోతే జరగదు. టీచరమ్మ ఒకే సంగతిని పదిసార్లు వెనక్కి తిప్పి వింటారు, కాబట్టి ఇది మాకు పెద్ద లోపమే. సర్వర్‌లో అందిన ప్రతి ఫైలునూ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఎంఫోర్‌ఏగా మార్చి దాచుతున్నాం. నిడివి సమస్య తీరింది, పాత ఐఫోన్లలో ఆడకపోవడమూ తీరింది.

పంపడం

మా పిల్లల్లో పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల వాళ్లున్నారు. నెట్ ఉన్నట్టే ఉండి పోతుంది. రికార్డింగ్ ముక్కలను వచ్చినవి వచ్చినట్టు బ్రౌజర్ లోపలి నిల్వ ఇండెక్స్‌డ్‌డీబీలో దాచండి, సర్వర్ అందింది అని చెప్పాకే చెరపండి. ప్రతి ముక్కకూ ఒక వరస నంబరు పెట్టండి, రెండుసార్లు వచ్చినా సర్వర్ ఒకటే తీసుకునేలా.

పాట మధ్యలో ఎవరో ఫోను చేస్తే మైకు చేజారుతుంది. ట్రాకు మీద మ్యూట్, ఎండెడ్ అనే సంకేతాలు వినండి, రాగానే రికార్డింగ్ ఆపి "ఇక్కడి వరకు దాచాం" అని చెప్పండి. స్క్రీన్ ఆరిపోయినా ఇదే ప్రమాదం, స్క్రీన్ ఆరకుండా చూసే వేక్‌లాక్ అడిగి ఉంచుకోండి.

లైవ్ క్లాసు కావాలంటే

ఇది వేరే ప్రపంచం, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను.

ఆర్‌టీఎంపీ నడిచేది టీసీపీ మీద. సర్వదర్శనం క్యూ లాంటిది. ముందు ఒకరు ఆగితే వెనక అందరూ ఆగాల్సిందే, వరస తప్పడానికి వీల్లేదు. వెబ్‌ఆర్‌టీసీ శబ్దాన్ని మామూలుగా యూడీపీ మీద పంపుతుంది. ఒక ముక్క పోతే పోయింది, దాని కోసం ఆగకుండా తర్వాతది ఆడించేస్తుంది. అందుకే మాటకు మాట అందుతుంది. అయినా ఆ కాస్త ఆలస్యం చాలు తాళం తప్పించడానికి. టీచరూ పిల్లా కలిసి పాడే పని ఆశించొద్దు. టీచరు పాడాక పిల్ల అనాలి, అంతే.

ఇద్దరి మధ్య అయితే ఆర్‌టీసీపీర్‌కనెక్షన్ నేరుగా కలుపుతుంది. ఒకరినొకరు వెతుక్కోవడానికి మీ సర్వర్ ద్వారా కబురు పంపుకోవాలి, నేరుగా కలవలేని మొబైల్ డేటావాళ్ల కోసం, మధ్యలో ఉండి చేరవేసే టర్న్ సర్వర్ ఒకటి పెట్టుకోవాలి. పదిమంది అయితే ఒక్కొక్కరూ తొమ్మిది కాపీలు పంపాల్సి వస్తుంది, ఫోను వేడెక్కి చేతులెత్తేస్తుంది. మధ్యలో పంచిపెట్టే సర్వర్ కావాలి. సొంతంగా కట్టకండి, జిట్సీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని పేజీలో కూర్చోబెట్టండి.

ఒక మాట మాత్రం. ఫ్లాష్ పోయినా ఆర్‌టీఎంపీ పోలేదు. లైవ్ ప్రసారం చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ నుంచి యూట్యూబ్ లైవ్‌కు ఇప్పటికీ ఎక్కువగా అదే దారిన వెళ్తున్నారు. దాని చోట వెబ్‌ఆర్‌టీసీతో పంపే విప్ అనే పద్ధతికి 2025లో ప్రమాణం వచ్చింది, ఓబీఎస్‌లో 2023లోనే చేరింది.

ఇరుక్కునే చోట్లు

రికార్డర్ వేరే డొమైన్‌లో ఉండి, మీ పేజీలో ఐఫ్రేముగా (పేజీ లోపల ఇంకో పేజీగా) వస్తే, ఆ ఐఫ్రేముకు అలౌ అనే చోట మైక్రోఫోన్, కెమెరా అని రాయాలి. రాయకపోతే మనిషిని అడగకుండానే నాట్‌అలౌడ్‌ఎర్రర్ వస్తుంది. అడగకుండానే వద్దన్నారంటే ముందు ఇదే చూడండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌ల లోపల లింకు తెరిస్తే అది పూర్తి బ్రౌజర్ కాదు. యాప్ ఒప్పుకుంటేనే మైకు. పేజీలో "బ్రౌజర్‌లో తెరవండి" అని ఒక గీత రాయడం కన్నా మంచి మందు నాకు దొరకలేదు. మీదే ఆండ్రాయిడ్ యాప్ అయితే వెబ్‌వ్యూలో (యాప్ లోపల పేజీని చూపించే భాగంలో) ఆన్‌పర్మిషన్‌రిక్వెస్ట్‌కు జవాబు రాయండి, యాప్‌కు మైకు అనుమతి విడిగా అడగండి. ఐఫోనులో సఫారీ కాకుండా క్రోమ్ లాంటివి వాడేవాళ్లకు ఐఓఎస్ 14.3 కన్నా పాతదైతే గెట్‌యూజర్‌మీడియానే ఉండదు, సఫారీలో తెరవమని చెప్పండి.

పరీక్షకు నాలుగు పరికరాలు చాలు: ఒక పాత ఆండ్రాయిడ్, ఒక ఐఫోను, ఒక విండోస్ లాప్‌టాప్, టీచరమ్మ వాడే పరికరం ఏదైతే అది. ఒక్కొక్కదానిలో కనీసం ఐదు నిమిషాలు ఏకబిగిన రికార్డు చేసి చూడండి. పది సెకన్ల పరీక్షలో అన్నీ పాసవుతాయి.

తీసేయాల్సినవి

పాత డబ్బాకు పక్కన "ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని లింకు ఉంటుంది. అది తప్పకుండా తీసేయండి. ఫ్లాష్ పేరుతో దొంగ సాఫ్ట్‌వేర్ అంటగట్టడం పాత మోసమే. అసలు ప్లేయర్ దొరకదని తెలియనివాళ్లు వెతుక్కుంటూ పోయి ఇప్పటికీ దానికి దొరికిపోతారు. సర్వర్‌లో 1935 పోర్టు తెరిచి ఉంటే, ఓబీఎస్‌తో లైవ్ ఇవ్వడానికి వాడటం లేదని నిర్ధారించుకుని మూసేయండి.

టీచరమ్మ సైటులో ఆ లింకు రెండు పేజీల్లో ఉంటే తీసేశాను. మూడోది కొత్తగా చేరే పిల్లలకు ఇచ్చే పాంప్లెట్ వెనక అచ్చయి ఉంది. అప్పట్లో వెయ్యి కాపీలు వేయించారట, ఇంకా సగం కట్ట మిగిలింది. ఇప్పుడు ఒక్కొక్కదాని మీద పెన్నుతో ఆ లైను కొట్టేసి ఇస్తున్నారు.